మోకాళ్ల నొప్పికి పూల్‌లో నడకా, ఇంట్లో ఎక్సర్‌సైజులా?

మోకాళ్ల అరుగుదలతో అమ్మనో నాన్ననో మా దగ్గరికి ఫిజియోథెరపీకి తీసుకొచ్చేవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "స్విమ్మింగ్ పూల్‌లో నడిపిస్తే మంచిదట కదండీ?" మంచిదే. ఆ పూల్‌కి మెట్లెలా ఉన్నాయో చూసి రమ్మంటాను.

నీళ్ల లాభం చిన్నదేం కాదు. నడుము లోతులో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగమవుతుంది. ఛాతీ లోతుకి వెళ్తే మూడో వంతే మిగులుతుంది. 80 కిలోల మనిషి కాళ్లు పాతిక ముప్పై కిలోలు మోస్తే చాలన్నమాట. కాలు ఎంత వేగంగా కదిపితే నీరు అంత గట్టిగా అడ్డుపడుతుంది కాబట్టి కండరానికీ పని దొరుకుతుంది. ఇంట్లో నాలుగడుగులకే మూలిగేవాళ్లు అక్కడ ముందుకీ పక్కకీ వెనక్కీ హాయిగా నడిచేస్తారు.

చిక్కంతా బయటికి వచ్చేటప్పుడే. మన ఊళ్లలో చాలా పూల్స్‌కి ఉండేది గోడకి నిటారుగా బిగించిన స్టీలు నిచ్చెన. అప్పటిదాకా తేలిగ్గా ఉన్న ఒళ్లు ఒక్కో మెట్టుకీ బరువెక్కుతుంది. తడికాలు జారుతుంది. మోకాలు బాగా మడిచి, ఒంటికాలి మీద బరువంతా వేసి లేవాలి. వాళ్లకి చేతకానిది సరిగ్గా అదే! వెడల్పాటి మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ, నాలుగడుగుల లోతు ఉంటేనే డబ్బు కట్టండి.

నీళ్ల వేడి కూడా చూడాలి. చికిత్స కోసం కట్టిన పూల్‌లో 33–35 డిగ్రీలు ఉంచుతారు. మామూలు ఈత కొలనులో 26–28 ఉంటే గొప్ప. డిసెంబరు పొద్దున బ్యాచ్‌లో దింపితే కండరాలు బిగుసుకుపోతాయి. (చీరతో, నైటీతో దిగనివ్వరు. అమ్మ కాస్ట్యూమ్ వేసుకుంటుందో లేదో ముందే అడగండి.)

నొప్పి తగ్గించడంలో ఇంటి ఎక్సర్‌సైజులు పూల్‌కి పెద్దగా తీసిపోవు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, తొడ బిగించి అయిదు సెకన్లు నొక్కడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. రోజూ చేయొచ్చు, ఆటో ఛార్జీ ఉండదు. పైగా బస్సెక్కడం, మెట్లు దిగడం అన్నీ నేల మీదే కదా, ఆ బలం నేల మీదే రావాలి. ఎముకలు గుల్లబారినవాళ్లకైతే ఒంటి బరువు కాళ్ల మీద పడాల్సిందే. అందుకే నా మొగ్గు ఇంటివైపే. ఒళ్లు బరువై, నిలబడితేనే నొప్పి ఆగనివాళ్లకి మాత్రం మంచి పూల్ దొరికితే కొన్ని వారాలు నీళ్లలో మొదలుపెట్టించి తర్వాత నేలకి తీసుకొస్తాను.

తొట్టిస్నానాలు, వేడినీళ్ల కాపడాలు హాయిగానే ఉంటాయి, కానీ తొడ కండరం వాటితో పెరగదు.

మోకీలు మార్పిడి అయినవాళ్లు గాయం పూర్తిగా మాని, సర్జన్ సరేనన్నాకే పూల్‌లో దిగాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, ఫిట్స్ అదుపులో లేనివాళ్లు డాక్టర్ని అడక్కుండా ఆ వైపే వెళ్లొద్దు.