ఆడిట్‌కు ముందు ఏది మేలు: చెక్‌లిస్టా, ఒక్క రిపోర్టు తవ్వడమా?

బెంగళూరు పీణ్యలోని మా మురుగునీటి పరీక్షల ల్యాబుకు, ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ వాళ్లు ఆడిట్‌కు వచ్చే తేదీ ఖాయమైంది. వాళ్లు చూసేది ల్యాబులు పాటించాల్సిన ప్రమాణం, ఐఎస్‌ఓ 17025. చేతిలో మూడు వారాలే. అనంతపురం నుంచి వచ్చిన మా అనలిస్టు అడిగాడు: "అక్కా, ఐఎస్‌ఓ 17025 చెక్‌లిస్టు పట్టుకుని క్లాజు క్లాజుకీ టిక్కు పెడదామా, ఒక రిపోర్టు తీసి దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వుదామా?"

ముందు తవ్వడమే అన్నాను. "ఇంక్యుబేటర్ రిజిస్టరు ఉందా?" అని చెక్‌లిస్టు అడుగుతుంది, ఉందంటాం, అయిపోతుంది. అదే ఒక అపార్ట్‌మెంటు ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) రిపోర్టులోని బీఓడీ (నీటిలోని మలినాలను తినే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) అంకె పట్టుకుని వెనక్కి పోయి చూడండి. ఐఎస్ 3025 అనే భారతీయ ప్రమాణం చెప్పే పద్ధతిలో శాంపిల్ బాటిళ్లు ఇంక్యుబేటర్‌లో 27 డిగ్రీల దగ్గర 3 రోజులుండాలి. గురువారం పెట్టినవి ఆదివారం తీయాలి. ఆ ఆదివారం ఎవరొచ్చారు? మాకు ఇక్కడే దొరికింది. బాటిళ్లలో మిగిలిన ఆక్సిజన్ కొలిచే టైట్రేషన్ ఆదివారమే జరిగింది, హాజరు పట్టీలో పేరుంది. కానీ రిజిస్టరులో శుక్ర, శని, ఆదివారాల ఉష్ణోగ్రతలు సోమవారం ఒక్కసారే కూర్చుని రాసినవి. చాలా బాధేసింది. ఆ అంకెలను దిద్దలేదు. జరిగింది జరిగినట్టు ఎన్‌సీ (నాన్-కన్‌ఫార్మిటీ, అంటే నియమం తప్పామన్న నమోదు) రాసి, ఆ అపార్ట్‌మెంటు వాళ్లకు చెప్పి మళ్లీ శాంపిల్ తీశాం. ఇంక్యుబేటర్‌లో ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసే డేటా లాగర్ పెట్టాం.

సీఓడీ (మలినాలను రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) వెంట పోయినా ఇలాగే: రిఫ్లక్స్, అంటే శాంపిల్‌ను రసాయనాలతో మరిగించడం, 2 గంటలూ నడిచిందా, ఆ రోజు టైట్రేషన్‌కు వాడే ఫెరస్ అమ్మోనియం సల్ఫేట్ నార్మాలిటీ (గాఢత) చూశారా, సీఓడీ ఎంత రావాలో ముందే తెలిసిన కేహెచ్‌పీ ద్రావణం ఎంత చూపింది? లీటరుకు 425 మిల్లీగ్రాముల కేహెచ్‌పీ కలిపితే సీఓడీ 500 దగ్గర రావాలి.

అయినా చెక్‌లిస్టును పక్కన పడేయలేం. మేనేజ్‌మెంట్ రివ్యూ, ఫిర్యాదులు, నిష్పక్షపాతానికి ఉన్న ముప్పులు, వీటి జాడ ఏ వర్క్‌షీటులోనూ కనిపించదు. రెండు వారాలు రిపోర్టులకు, మూడోది చెక్‌లిస్టుకు అని పంచుకున్నాం.

రిపోర్టులు ఏరడం మాత్రం ఆ పరీక్ష చేసినవాళ్లకే వదలకండి. సంక్రాంతి, ఉగాది వారాలవి తీయండి. సగం మంది ఊళ్లకు పోయి, ఉన్న ఇద్దరే అన్నీ మోసిన రోజులవి. మావాడు ఇప్పుడు సంక్రాంతి వారం టీఎస్‌ఎస్ (నీటిలో కరగకుండా తేలే ఘనపదార్థాలు) షీటు ముందేసుకుని, వాటిని ఆరబెట్టే ఓవెన్ ఆ రోజుల్లో 103–105 డిగ్రీల మధ్యే ఉందా అని రిజిస్టరులో వరసవరసా వెతుకుతున్నాడు.