అమ్మ దగ్గరే ఉంచి చదివించారు: ఇటలీ విచారణ స్పాన్సర్‌షిప్ మీద నా రివ్యూ

మా చీమకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో దీన్ని అందరూ ‘ఇటలీ డబ్బులు’ అంటారు. విచారణ అంటే ఒక చర్చి, దాని కిందికి వచ్చే కథోలిక కుటుంబాలు, ఇంగ్లీషులో పారిష్ అంటారు. ఇటలీలో ఒక చిన్న ఊరి కథోలిక విచారణ వాళ్లు మా విచారణ ద్వారా ఇక్కడి పిల్లల్ని చదివిస్తారు. తండ్రి లేనివాళ్లు, ఇద్దరూ లేనివాళ్లు, కూలి మీదే బతికే ఇళ్ల పిల్లలు ఇందులో ఉంటారు. మూడో తరగతి నుంచి జీఎన్ఎం నర్సింగ్ పూర్తయ్యేదాకా నా పేరు వాళ్ల పుస్తకంలో ఉంది. ఇప్పుడు నెల్లూరులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఈ మధ్య మా ఊరి తల్లులు ఫోన్ చేసి, "పాపని అందులో చేర్పించమంటావా, తర్వాత ఏమన్నా ఇబ్బంది ఉంటుందా" అని అడుగుతున్నారు. వాళ్లకి ఫోన్లో చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా పెద్ద మేలు ముందు చెప్తాను. వీళ్లు నన్ను మా అమ్మ దగ్గర నుంచి తీసుకెళ్లలేదు.

మా నాన్న గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పని చేసేవాడు. రాయి జారి మీద పడి పోయాడు. అమ్మకి పొగాకు గ్రేడింగ్ తప్ప వేరే పని రాదు. అది సీజన్ ఉన్నన్నాళ్లే. వేలం అయిపోయాక మిరపకాయ కోతలకో, కలుపు తీతకో పిలుపు వస్తే వెళ్లాలి, లేకపోతే లేదు. అప్పుడు చుట్టాలందరూ ఇచ్చిన సలహా ఒకటే: పిల్లల్ని ఏదన్నా అనాథాశ్రమంలో వేసెయ్, అన్నం పెట్టి చదువు చెప్తారు. నాతో పాటు చదివిన ఒక అమ్మాయిని వాళ్లింట్లో అలాగే వేశారు. వాళ్లమ్మ నిక్షేపంగా ఉంది. అయినా ఆ హోమ్‌లో పిల్ల ఫోటో కింద ‘అనాథ’ అనే రాశారు. బయటి దేశం వాళ్లు వచ్చిన రోజున పిల్లలందరికీ ఒకే రంగు గౌన్లు వేసి పాటలు పాడించేవాళ్లట. కొన్నేళ్ల తర్వాత వేసవి సెలవులకి ఇంటికొచ్చి ఆ పిల్ల సొంత తల్లిని ‘మీరు’ అని పిలిచింది. ఆ రోజు వాళ్లమ్మ మా గడపలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకు బాగా గుర్తు.

మా ఇంటికి మాత్రం విచారణలో పనిచేసే సిస్టర్ గారే వచ్చారు. ఇల్లు చూశారు, అప్పులెంత అని అడిగారు, రేషన్ కార్డు చూశారు. "పిల్ల నీ దగ్గరే ఉంటుందమ్మా, బడి మాత్రం మాన్పించకూడదు" అన్నారు. పెట్టిన షరతు అదొక్కటే. మా బ్యాచ్‌లో అమ్మానాన్న ఇద్దరూ లేని అన్నదమ్ములు ఉండేవాళ్లు. వాళ్లని కూడా ఎక్కడికీ పంపలేదు. అమ్మమ్మ దగ్గరే ఉంచి, ఆమె పేరు మీదే సాయం ఇచ్చారు. ఆ అమ్మమ్మకి కళ్లు సరిగా కనపడవని తెలిసి ఆపరేషన్ కూడా చేయించారు. పిల్లలు నిలబడాలంటే ముందు వాళ్లని చూసుకునే మనిషి నిలబడాలి. ఈ సంగతి తెలిసినవాళ్లు నడిపే కార్యక్రమం ఇది, అందుకే నాకు దీని మీద ఇంత గౌరవం.

డబ్బు విషయానికొస్తే, చేతికి నోట్లు ఇవ్వరు. తల్లి పేరు, బిడ్డ పేరు కలిపి బ్యాంకులో ఖాతా తెరిపిస్తారు. నేను చేరినప్పుడు నెలకి 500 రూపాయలు పడేవి, ఇంటర్‌కి వచ్చేసరికి 1000 చేశారు. అందులో కొంత పదో తరగతి అయ్యేదాకా తీయకుండా డిపాజిట్‌లో ఉంచాలి. మా అమ్మ ఆ నియమం మీద మొదట్లో గొణుక్కునేది కానీ నా ఇంటర్ ఫీజు దాంట్లోంచే కట్టాం. ఇవి కాక నోటుపుస్తకాలు, యూనిఫాం గుడ్డ, ఏడాదికోసారి డాక్టర్ పరీక్ష ఉండేవి. నాకు రక్తం తక్కువుందని మొదటిసారి తెలిసింది ఆ పరీక్షలోనే. రెండో శనివారం చర్చి ఆవరణలో తల్లుల మీటింగ్. పాస్‌పుస్తకం, బడి హాజరు చూపించాలి. అక్కడే ఆడవాళ్లు చేరి చిన్న పొదుపు సంఘం పెట్టుకున్నారు. మా అమ్మ కుట్టు మిషన్ కొనుక్కున్నది ఆ పొదుపు అప్పుతోనే. ఇప్పటికీ జాకెట్లు కుడుతుంది.

వ్యక్తి ఇచ్చే సాయానికీ, ఒక విచారణ మొత్తం కలిసి ఇచ్చే సాయానికీ తేడా నాకు ఇంటర్ మొదటి సంవత్సరంలో తెలిసింది. నా స్పాన్సర్ ఒక పెద్దావిడ, పెన్షన్ మీద బతికేది. చిన్న చిన్న అక్షరాలతో ఉత్తరాలు రాసేది. సిస్టర్ గారు వాటిని చదివి తెలుగులో చెప్పేవాళ్లు. వాళ్ల పెరట్లో చెట్ల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, మంచు పడితే చర్చిలో పూజకి వెళ్లలేకపోవడం గురించి రాసేది. ఒకరోజు ఫాదర్ గారు పిలిచి, ఆమె చనిపోయిందని చెప్పారు. నాకు దుఃఖం వచ్చింది, దాని వెనకే భయం కూడా వచ్చింది, ఇక చదువు ఆగిపోయినట్టేనని. కానీ ఆ నెల కూడా డబ్బులు పడ్డాయి. ఆ ఊరి విచారణలో జ్ఞానోపదేశం నేర్చుకునే పిల్లలు, యువత కలిసి నన్ను తీసుకున్నారట. తపస్సుకాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస రోజుల్లో, శుక్రవారాలు మాంసం మానేసి మిగిలిన డబ్బు ఒక డబ్బాలో వేయడం, ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు కేకులు అమ్మడం, ఇలా పోగు చేస్తామని వాళ్లే రాశారు. వాళ్లేం ధనవంతులు కారు. మనిషి పోయినా మాట పోకుండా చూసుకున్నారు. ఎక్కడైనా స్పాన్సర్‌షిప్‌లో చేర్పించే ముందు తల్లులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అంటాను: ఇచ్చే మనిషికి ఏమన్నా అయితే నా బిడ్డ సంగతేంటి?

ఇక లోపాలు. వాటిని కూడా అంతే సూటిగా చెప్పాలి.

క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి మేము రాసే ఉత్తరాలు మావి కావు. బోర్డు మీద రాసింది చూసి అందరం ఎక్కించేవాళ్లం. ‘నేను బాగా చదువుకుంటున్నాను, మీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.’ నాకేమో పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రిళ్లు కాపలా ఎలా ఉంటుందో, మా ఊరి ఎర్రమట్టి రోడ్డు మీద గ్రానైట్ లారీలు ఎలా ఊగుతూ వెళ్తాయో రాయాలని ఉండేది. ఆవిడ తన మోకాళ్ల నొప్పి దాకా రాస్తుంటే మేము పంపింది అందరికీ ఒకేలా ఉండే నాలుగు లైన్లు. పిల్లల్ని సొంతంగా రాయనివ్వండి, తప్పులుంటే ఉండనివ్వండి. ఏడాదికోసారి తీసే ఫోటో కూడా నాకు నచ్చేది కాదు. నవ్వమంటే నవ్వాలి, మళ్లీ మరీ పెద్దగా నవ్వకూడదు. చేతిలో నంబరు పలక ఒకటి. ఆ పలక తర్వాత తీసేశారని విన్నాను, చాలా మంచి పని చేశారు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ‘ఇంటికి ఒక్కరే’ అనే నియమం. ఎక్కువ కుటుంబాలకి అందాలని అలా పెట్టారు, ఆ కారణం నాకు అర్థమవుతుంది. కానీ మా ఇంట్లో ఆ ఒక్కరు నేను. మా అన్న నాకన్నా రెండేళ్లు పెద్ద, లెక్కల్లో నాకన్నా మెరుగు. పదో తరగతి అవగానే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కి పనికెళ్లాడు. నా హాస్టల్ ఖర్చులకి చాలనిది వాడే పంపేవాడు. డబ్బు ఒకరికే ఇచ్చినా, కనీసం రెండో బిడ్డకి పుస్తకాలు, పదో తరగతి తర్వాత ఒక ఐటీఐ ఫీజో, పాలిటెక్నిక్ ఫీజో చూస్తే చాలు, ఎన్నో ఇళ్లలో అన్నలు నిలబడతారు. రేటింగ్ అడిగితే అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి మా అన్న కోసం.

మతం సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. మాది కథోలిక కుటుంబమే. కానీ మా బ్యాచ్‌లో హిందువుల పిల్లలు, ఒక ముస్లిం ఆమె కూతురు కూడా ఉన్నారు. పూజకి రమ్మని ఎవర్నీ అడగలేదు, మీటింగ్ కూడా ఆదివారం పెట్టలేదు. సాయం అంటే ఇలాగే ఉండాలి. ఒంగోలు వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ క్లౌ దొర కథ చెప్తారు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు, కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ పని సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పని ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని అందరూ గొప్పగా చెప్తారు. నాకైతే దానికన్నా ముందు ఆయన ఆపిన ఆ నెలలే గొప్పగా కనిపిస్తాయి. ఆకలితో ఉన్నవాడి దగ్గర మతం మాట ఎత్తకూడదని ఆయనకి తెలుసు.

నా నర్సింగ్ ఆఖరి ఏడాదిలో డబ్బులు హఠాత్తుగా ఆగిపోయాయి. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మ నూటికి మూడు వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టింది. ఆ టెన్షన్‌లో పరీక్షలు రాశాను. అసలు కారణం చాలా తర్వాత తెలిసింది. విదేశీ విరాళాల చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్ఏ అనేది, 2010 నాటిది. 2020లో దాన్ని సవరించారు. అప్పటి నుంచి బయటి దేశం డబ్బు ఏ సంస్థకి వచ్చినా ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ అందుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకి మార్చి ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చులకి వాడుకోగలిగే వాటాని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. మాకు వచ్చే సాయం అంతకుముందు ఒక సంస్థ నుంచి మరో సంస్థ చేతులు మారి వచ్చేది. ఆ దారి మూసుకుపోయింది, కొత్త ఖాతా, కొత్త కాగితాలు అయ్యేసరికి నెలలు పట్టింది. చట్టం మారడం వాళ్ల తప్పు కాదు. తల్లులకి ఒక్క మాట చెప్పకపోవడం మాత్రం తప్పే. ఇప్పుడు ఆలస్యమైతే ముందే వాట్సాప్ గ్రూపులో చెప్తున్నారని అమ్మ అంటోంది.

జాబితాలో చోటు దొరకని తల్లులు ఊరికే ఎదురుచూస్తూ కూర్చోకండి. ప్రభుత్వానిది మిషన్ వాత్సల్య అని పథకం ఉంది. భర్త పోయినవాళ్లు, ఒంటరి తల్లులు, ప్రాణాంతక జబ్బుతో ఉన్నవాళ్ల పిల్లలకీ, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకీ నెలకి 4,000 రూపాయలు ఇస్తారు. ఊళ్లలో అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు దాటకూడదు, పట్నాల్లో 96,000. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. అంగన్‌వాడీ టీచర్ని అడిగినా దారి చెప్తారు. ఎవరైనా వచ్చి ‘పిల్లని మా హోమ్‌లో పెట్టండి’ అంటే, 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. జిల్లాలో పిల్లల రక్షణ విషయాలు తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు పెట్టకుండా పిల్లని తీసుకెళ్తామంటే పంపొద్దు. అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

మా విచారణలో చేరాలనుకునేవాళ్లు సిస్టర్ గార్ని మీ ఇంటికే రమ్మని అడగండి, ఆఫీసులో కాగితం నింపి వచ్చేయొద్దు. రెండో బిడ్డ ఉంటే వాడి సంగతి కూడా మొదటిరోజే మాట్లాడుకోండి. డిపాజిట్ కాగితం జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి.

ఇటలీలో ఇచ్చేవాళ్లకి ఫాదర్ గారి ద్వారా నేను ఒకటే అడిగాను, ఇక్కడ కూడా రాస్తున్నాను. వాళ్ల తపస్సుకాలం మార్చి, ఏప్రిల్‌కల్లా అయిపోతుంది. ఆ పోగైన డబ్బు ఇక్కడికి చేరేసరికి ఒక్కోసారి ఆగస్టు అవుతోంది. మాకు బళ్లు తెరిచేది జూన్‌లో. ఆ నెలలోనే పుస్తకాలు, ఫీజు, బస్ పాస్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. అమ్మలు వడ్డీకి అప్పు తెచ్చేది కూడా ఆ నెలలోనే. ఏడాది మొత్తంలో సగం డబ్బు మే నెలాఖరుకి ఖాతాలో పడేలా పంపండి, మిగతాది ఎప్పుడు వచ్చినా సర్దుకుంటాం.