లండన్ ఈస్ట్‌హామ్‌లో ఓటు నమోదు: బ్రిటన్ ఆన్‌లైన్ సేవపై సమీక్ష

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ నుంచి లండన్ చదువులకు వెళ్లే పిల్లలకు కన్సల్టెన్సీలు బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర్నుంచి పచ్చళ్ల ప్యాకింగ్ దాకా అన్నీ చెప్తాయి, ఓటు సంగతి తప్ప. భారత్‌తో సహా కామన్వెల్త్ దేశాల పౌరులెవరైనా సరైన వీసాతో బ్రిటన్‌లో ఉంటూ, 18 ఏళ్లు నిండితే అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయొచ్చు. స్టూడెంట్ వీసా ఉన్నా చాలు. నేపాల్ కామన్వెల్త్‌లో లేదు కాబట్టి అదే ఇంట్లో అద్దెకుండే నేపాలీ కుర్రాడికి ఆ హక్కు లేదు, మనకుంది. దానివల్ల మన పౌరసత్వానికి ఏ ఇబ్బందీ రాదు.

దక్షిణ భారతీయులు ఎక్కువగా దిగే చోట్లలో ఈస్ట్‌హామ్ ఒకటి. హైస్ట్రీట్ నార్త్‌లో మహాలక్ష్మి గుడి, దోసె హోటళ్లు, వరుసగా గోడకు గోడ కలిసిన పాత ఇళ్లు. 1918లో ఇది ఈస్ట్‌హామ్ నార్త్, సౌత్ అని రెండు నియోజకవర్గాలుగా పుట్టింది. అప్పట్లో ఎసెక్స్ కౌంటీలోని ఊరు. 1965లో న్యూహామ్ బరోలో కలిసింది. 1923లో పార్లమెంటుకెళ్లిన మొదటి ముగ్గురు లేబర్ మహిళల్లో ఒకరైన సుసాన్ లారెన్స్ గెలిచింది ఈస్ట్‌హామ్ నార్త్ నుంచే. 1974లో రెండు సీట్లూ రద్దయ్యాయి, 1997లో ఈస్ట్‌హామ్ ఒకే సీటుగా తిరిగొచ్చింది. అప్పట్నుంచి లేబర్ పార్టీకి చెందిన స్టీఫెన్ టిమ్స్ ఎంపీ. 2010లో జనం అర్జీలు వింటుండగా ఆయన మీద కత్తిపోట్లు పడ్డాయి. కోలుకుని మళ్లీ అలాగే జనం మధ్యకొచ్చారు. ఆ ఏడు ఆయన మెజారిటీ 27,826, దేశంలోకెల్లా ఎక్కువ.

2024 నుంచి హద్దులు మారాయి. ఇదివరకు ఇందులో ఉన్న బెక్టన్ ఇప్పుడు వెస్ట్‌హామ్ అండ్ బెక్టన్ సీటులోకి పోయింది, కాబట్టి పాత మ్యాపులు నమ్మొద్దు. పార్లమెంటు వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే మీ సీటేదో తెలుస్తుంది. కొత్త హద్దులకు లెక్క ఒక్కో సీటుకు 69,724 నుంచి 77,062 మంది ఓటర్లు. మన నల్గొండ లోక్‌సభ స్థానంలో 17 లక్షల పైచిలుకు ఉన్నారు. బ్రిటన్‌లో ఒక్క ఓటు బరువెంతో ఆలోచించండి.

ఇక నమోదు సేవ. గవ్ డాట్ యూకేలో ‘రిజిస్టర్ టు ఓట్’ పేజీ. ఫీజు లేదు, అకౌంటు తెరవనక్కర్లేదు. ఒక్కో తెరమీద ఒక్కో ప్రశ్న: దేశం, పుట్టిన తేదీ, పేరు, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (పన్నులు, సామాజిక బీమా లెక్కలకు అక్కడి ప్రభుత్వం ఇచ్చేది), చిరునామా. అన్నీ చేతిలో ఉంటే ఐదు నిమిషాల పని. ఇంత శుభ్రమైన ఫారం అరుదు. చిక్కులు వచ్చేది ఫారంలో కాదు, మనం నింపే తీరులో.

మొదటిది పేరు. మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాస్తాం, పదో తరగతి మెమోలోనూ అలాగే ఉంటుంది. ఫారం మాత్రం మొదటి పేరు, చివరి పేరు విడివిడిగా అడుగుతుంది. పాస్‌పోర్టులో ‘గివెన్ నేమ్’ ఉన్నది మొదటి గడిలో, ‘సర్‌నేమ్’ ఉన్నది చివరి గడిలో, పూర్తి స్పెల్లింగుతో దించండి. నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డులోని పేరుతో దాన్ని సరిచూస్తారు. కలవకపోతే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) రుజువులు అడుగుతూ ఉత్తరం రాస్తుంది. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టైతే ముందే కౌన్సిల్ ఎన్నికల విభాగానికి ఫోన్ చేసి ఎలా రాయాలో అడగడం మేలు.

రెండోది చిరునామా. ఒకే ఇంటిని గదులుగా పంచి అద్దెకిచ్చినప్పుడు మీ ఫ్లాటు పోస్ట్‌కోడ్ జాబితాలో కనబడకపోవచ్చు. పక్క ఫ్లాటు ఎంచుకోకుండా చేత్తో టైపు చేయండి. రుజువు అడిగే ఉత్తరం కింద తలుపు దగ్గర అందరి ఉత్తరాల్లో కలిసిపోయి ఎవరూ చూడకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

ఈ సేవలో అసలు లోటు ఇక్కడే. మన ఎన్నికల సంఘం సైటులో జాబితాలో పేరు వెతుక్కోవచ్చు. బ్రిటన్‌లో పేరెక్కిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకునే వీల్లేదు, కౌన్సిల్‌ను అడగాల్సిందే. అందుకే ఐదుకు నాలుగే ఇస్తున్నాం.

నమోదుకు గడువు పోలింగ్‌కు 12 పనిదినాల ముందు. 2024 జూలై 4 ఎన్నికకు అది జూన్ 18న ముగిసింది. చివరి రోజు దాకా ఆగకండి. బ్యాంకులు, ఫోన్ కంపెనీలు చిరునామా సరిచూడ్డానికి ఇదే జాబితా వాడతాయి కాబట్టి ఎన్నికలు లేకపోయినా ఇల్లు దొరగ్గానే నమోదు చేసుకోవడం లాభమే. ఫారంలో ‘ఓపెన్ రిజిస్టర్’ అడిగితే వద్దనండి, లేకపోతే మీ పేరు, చిరునామా ఎవరైనా కొనుక్కోవచ్చు.

పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. 2023 నుంచి ఫొటో గుర్తింపు తప్పనిసరి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, కానీ అసలుదే కావాలి; ఫోన్‌లో ఫొటో, ఈ-వీసా చూపిస్తే ఒప్పుకోరు. ఈవీఎం ఉండదు, వేలికి సిరా పూయరు. కాగితం, దారానికి కట్టిన పెన్సిలు. 1996లో ఫ్లోరైడు నీళ్ల గోస చెప్పడానికి 480 మంది పోటీలో నిలబడితే నల్గొండ బ్యాలెట్ పుస్తకమంత అయింది. ఇది ఒక్క షీటే. నచ్చిన పేరు ఎదుట ఇంటూ గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేయడమే. పెన్ను తెచ్చుకున్నా అభ్యంతరం లేదు.

ఇల్లు మారితే నమోదు మీతో రాదు. ఈస్ట్‌హామ్ నుంచి ఇల్‌ఫోర్డ్‌కు మారినా, అదే వీధిలో నాలుగిళ్ల అవతలికి మారినా, ఫారం మళ్లీ మొదట్నుంచి నింపాలి.