తరమడమా, ఉండనివ్వడమా: ములుగు అడవిలో గుత్తికోయలు

దేశం దాటి వస్తే శరణార్థి అంటాం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి గోదావరి దాటి తెలంగాణలోని ములుగు అడవికి వచ్చిన గుత్తికోయ ఆదివాసులకు ఆ పేరు కూడా లేదు. 2005లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సాయుధ దళంగా సల్వాజుడుం మొదలయ్యాక ఎక్కువమంది ఊళ్లు వదిలారు. 2011లో సుప్రీంకోర్టు దాన్ని చట్టవిరుద్ధమన్నా, తిరిగి వెళ్లే ధైర్యం చాలామందికి రాలేదు.

మొదటి దారి తరిమేయడం. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చారు. పోడు కోసం చెట్లు పోతున్నాయన్న వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ గుడిసె పోయినవాడు బస్తర్‌కు తిరిగి వెళ్లడు, అడవిలో ఇంకాస్త లోపలికి పోతాడు. అక్కడ మళ్లీ గొడ్డలి పడుతుంది.

రెండోది, ఉన్నచోటే బోరు, బడి, రేషన్ కార్డు ఇవ్వడం. చిక్కంతా ఇక్కడే. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలైన వీళ్లు తెలంగాణలో కారు. అటవీ హక్కుల చట్టం గడువు 2005 డిసెంబర్ 13. ఆ తర్వాత వచ్చినవాళ్లకు పట్టా రాదు. తమ వాటా తగ్గుతుందని ఇక్కడి కోయలకూ టెన్షనే.

అయినా నా ఓటు దీనికే. మిర్చి ఏరే రోజుల్లో ట్రాలీ ఆటోల్లో వాళ్లను పిలుచుకుపోయేది మన రైతులే కదా! చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి పసిపిల్లను పడుకోబెట్టి, మంట పుట్టే వేళ్లతో పొద్దుగూకేదాకా ఏరుతారు. గూడేనికి తిరిగొచ్చి చెలిమెలో నీళ్లు తోడుకుంటారు. బోరు అడిగితే మాత్రం, అడవిలో పర్మిషన్ లేదంటారు.