లండన్‌లో కాశీ ఒపేరా, ఓవల్‌లో మ్యాచ్, మధ్యలో ఒక దిక్కుమాలిన లాడ్జి

2019 జూన్‌లో మా ఆయన లండన్ వచ్చింది వరల్డ్ కప్ కోసం, 9వ తారీకు ఓవల్‌లో ఇండియా-ఆస్ట్రేలియా. నేను వచ్చింది ముందు రోజు శనివారం రాత్రి బార్బికన్ హాల్లో ఇటలీ స్వరకర్త డోనిజెట్టి ఒపేరా 'ఇల్ పారియా' కోసం, ఒపేరా అంటే పాటలతోనే నడిచే నాటకం. ఆయన నాతో ఒపేరాకి కూర్చుంటే నేను ఆయనతో మ్యాచ్‌కి కూర్చుంటా, అదీ మా మధ్య ఒప్పందం.

ముందు ఆ లాడ్జి మీద కడుపుమంట తీర్చుకోనివ్వండి. ప్యాడింగ్టన్ స్టేషన్ దగ్గర, పేరు రాయను గానీ రాత్రికి 112 పౌండ్లు, అంటే అప్పటి లెక్కలో దగ్గర దగ్గర పదివేల రూపాయలు. ఫోటోలో పెద్ద కిటికీ, కిటికీ బయట చెట్టు. మాకిచ్చింది సెల్లార్ గది, కర్టెన్ జరిపితే ఎదురుగా గోడ, గోడ కింద చెత్త డబ్బాలు. స్నానం చేస్తూ ఇటు తిరిగితే మోచెయ్యి వాష్ బేసిన్‌కి కొట్టుకుంటుంది, వేడి నీళ్ళు ఉదయం ఎనిమిది దాటితే రావు, ఇంకో టవల్ అడిగితే 3 పౌండ్లు, తాళం చెవికి 20 పౌండ్లు డిపాజిట్. ఫోటోలో గది ఇది కాదు కదా బాబూ అంటే కౌంటర్ కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా, వరల్డ్ కప్ సీజన్ మేడమ్, నచ్చకపోతే వెళ్ళొచ్చు, డబ్బులు మాత్రం వెనక్కి రావు అన్నాడు. ఇంటి దగ్గర ఆటోవాడితో పది రూపాయలకి పావుగంట పోట్లాడే మా ఆయన అక్కడ మాత్రం నోరు మెదపలేదు, నాకు ఒళ్ళు మండింది అందుకే ఎక్కువ.

అక్కడ బాగున్నదల్లా ఒకటే, బార్బికన్‌కి ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) మారక్కర్లేదు, అప్పట్లో మనిషికి 2.40 పౌండ్లు. అయితే స్టేషన్ దిగాక హాలు దొరకడం ఇంకో కథ, అంతా కాంక్రీటు, వంతెనల మీద నడుస్తూనే ఉంటాం, నేల మీద వేసిన పసుపు గీత పట్టుకుని పోవాలి. కనీసం అరగంట చేతిలో ఉంచుకుని వెళ్ళండి. మా ఆయన దారంతా ఫోన్లో వెదర్ చూస్తూనే ఉన్నాడు, ముందు రోజే బ్రిస్టల్‌లో పాకిస్తాన్-శ్రీలంక మ్యాచ్ ఒక్క బాల్ పడకుండా వానకి పోయింది మరి.

ఇక అసలు సంగతి. మేం చూసింది కాన్సర్ట్ పెర్ఫార్మెన్స్, అంటే సెట్లు, వేషాలు ఉండవు. మన పౌరాణిక నాటకాన్ని కిరీటాలూ గదలూ లేకుండా హార్మోనియం పక్కన నిలబడి పద్యాలు మాత్రం పాడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఆర్కెస్ట్రా స్టేజీ మీదే, గాయకులు దాని ముందు, కోరస్ వెనక. ఎవరూ పెద్దగా వెయ్యని ఒపేరాలు వెతికి పట్టి ఇలా పాడించి రికార్డు చేయడమే ఒపేరా రారా అనే సంస్థ పని, 1970 నుంచీ ఉంది. ఈ ఒపేరా 1829లో నేపుల్స్ శాన్ కార్లో థియేటర్లో మొదలై కొద్ది ఆటలకే ఆగిపోయింది, డోనిజెట్టి కూడా దీని సంగీతంలో కొంత తీసి తర్వాత తన ఇంకో ఒపేరా 'అన్నా బొలేనా'లో వాడేసుకున్నాడు.

కథ జరిగేది కాశీలో! యుద్ధం గెలిచిన సేనాని ఇడమోర్, ప్రధాన పూజారి కూతురు నియాలా ప్రేమించుకుంటారు. ఇడమోర్ అంటరాని కులం వాడని ఎవరికీ తెలీదు. కొడుకుని వెతుక్కుంటూ తండ్రి జరేటే వస్తాడు, పెళ్ళి వేళకి అంతా బయటపడుతుంది, తండ్రీకొడుకులిద్దరికీ మరణశిక్ష. ఆ ప్రధాన పూజారికి, కాశీ బ్రాహ్మడికి, పెట్టిన పేరేమో అకెబారే, వింటే అక్బర్‌లా ఉంది. మా ఆయన అక్కడ కిసుక్కున నవ్వితే పక్కన ముసలావిడ ఉరిమి చూసింది.

నా మటుకు నాకు వేషాలు లేకపోవడమే దీన్ని కాపాడింది. ఆ కాలం యూరప్ వాళ్ళు ఊహించుకున్న ఇండియాని స్టేజీ మీద కడితే తలపాగాలూ అగరుబత్తి పొగా చూసి మనం తల దించుకోవాల్సొచ్చేది. ఇక్కడ నల్ల సూటులో మీషా కీరియా నిలబడి తండ్రి కడుపుకోత పాడుతుంటే మధ్యలో అడ్డం ఏమీ లేదు. కొడుకుగా రెనే బార్బెరా, ఆ పాత్ర రుబీనీ అనే టెనర్ (పై స్థాయిలో పాడే మగ గొంతు) కోసం రాసింది, స్వరం పైనే ఉంటుంది, ఎక్కడా అరిచినట్టు అనిపించలేదు. నియాలాగా అల్బీనా షాగిమురతోవా పాటలో గమకాల్లాంటి పరుగులు ముత్యాల్లా పడ్డాయి గానీ మాట మాత్రం అంత స్పష్టంగా వినపడలేదు. కండక్టర్ మార్క్ ఎల్డర్ బ్రిటెన్ సిన్ఫోనియా ఆర్కెస్ట్రాని ఎక్కడా పాట మీద ఎక్కనివ్వలేదు. మామూలుగా హీరోయిన్ ఆర్భాటంగా ఒంటరి పాట పాడి ముగించాల్సిన చోట ఇందులో నలుగురూ కలిసి పాడతారు, చప్పట్లు కొట్టాలని కూడా తోచలేదు నాకు. హాల్లో వాళ్ళకి అది పాతకాలపు ప్రేమకథ, అంతే. మిర్యాలగూడలో ప్రణయ్ పరువు హత్య జరిగి అప్పటికి ఏడాది కూడా కాలేదు, ఆడపిల్ల తండ్రి చేతిలో ఆ అధికారం చూస్తుంటే నాకు 1829 అనిపించలేదు.

టికెట్ 30 పౌండ్లు, వెనక వరస, వినడానికి ఏ లోటూ లేదు. ఇంటర్వెల్‌లో బుల్లి కప్పు ఐస్‌క్రీమ్ కొనమాకండి, దండగ. అయిపోయాక హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ ఎక్కి నేరుగా ఈస్ట్‌హామ్ వెళ్ళి వేడి దోసె, సాంబారు తిన్నాం, ఇద్దరికీ కలిపి 11 పౌండ్లు. చుట్టూ తెలుగే. మా ఆయన అప్పటికి మాట్లాడ్డం మొదలుపెట్టి, ఆ తండ్రి పాత్ర ఆయన పాడింది మళ్ళీ యూట్యూబ్‌లో దొరుకుతుందా అన్నాడు! ఇదే బృందంతో సీడీ వస్తుందట అని చెప్పా.

ఆదివారం ఇండియా 352, ధావన్ 117, గెలిచాం, గొంతు పోయింది.

ఒపేరా రారా వాళ్ళవి చాలామటుకు ఒక్క రాత్రి ఆటలే, కాబట్టి ముందు ఒపేరా తేదీ చూసుకుని తర్వాత ఫ్లైట్ బుక్ చేయండి, కథ ఇంటి దగ్గరే చదివేసుకోండి. మకాం మాత్రం ఈస్ట్‌హామ్ వైపు పెట్టుకోండి, అదే లైను, తిండి ఖర్చు సగం. డిపాజిట్ 20 పౌండ్లలో ఆ లాడ్జి వాడు టవల్ మీద మరక అని 5 పట్టుకున్నాడు, 3 పౌండ్లు అద్దె కట్టిన టవలే అది.