బ్యాండ్‌క్యాంప్ మూడేళ్లు వాడాక: నాకు పనికొచ్చింది కొన్నవాళ్ల ఫోటోలే

బ్యాండ్‌క్యాంప్ అంటే డబ్బులిచ్చి ఆల్బమ్స్ కొనుక్కునే సైట్. సౌండ్ క్వాలిటీ, డౌన్‌లోడ్ ఫార్మాట్లు, ఇవన్నీ వదిలేస్తున్నా, వాడేవాళ్లకి తెలిసిందే. నేను చెప్పేది ఒక్కదాని గురించి. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల ఫోటోలు గోరంత సైజులో వరసగా ఉంటాయి కదా, ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి ఇప్పటిదాకా కొన్నవన్నీ బీరువా తలుపు తీసినట్టు కనపడతాయి. లైక్ కొట్టడానికి ఏం పోయింది, ఎవడైనా కొడతాడు, ఇవి మాత్రం జేబులోంచి డాలర్లు తీసి కొన్నవి. అండర్‌గ్రౌండ్ హిప్‌హాప్ వెతుక్కోడానికి ఇంతకన్నా మంచి దారి నాకైతే దొరకలేదు.

మాది బెంగళూరు మారతహళ్లిలో పీజీ, ఆఫీసుకి 500డీ బస్సు, ఇబ్లూరు దగ్గర ఆగిందంటే ఇక దేవుడే దిక్కు. అలా ఆగినప్పుడు ఒకరోజు మ్యాడ్‌విలనీ పేజీ తెరిచా. రాపర్ ఎంఎఫ్ డూమ్, ప్రొడ్యూసర్ మ్యాడ్‌లిబ్ కలిసి చేసిన 2004 ఆల్బమ్, హిప్‌హాప్ వినేవాళ్లు దాదాపు అందరూ వినుంటారు. దాని కింద ఒకాయన, పేరు లేదు, ఫోటో బదులు తుప్పు పట్టిన కెటిల్ బొమ్మ. నొక్కితే తొమ్మిదొందల పైచిలుకు ఆల్బమ్స్! ఒక్కోదాని కింద అది ఇంకెంతమంది దగ్గరుందో అంకె కూడా ఉంటది, నేను పెద్ద అంకెలు వదిలేసి చిన్నవి చూసుకుంటూ కిందకి పోయా, చాలావరకు నాకు ఎక్కలేదు, నిజం చెప్తున్నా. చివరికి హైడింగ్ ప్లేసెస్ అనే ఆల్బమ్ దగ్గర ఆగా. రాపర్ బిల్లీ వుడ్స్, ప్రొడ్యూసర్ కెన్నీ సీగల్ కలిసి చేసింది, 2019. తెలిసినవాళ్లకి పెద్ద పేర్లే, నాకే కొత్త. మొదటిసారి ఒక్క ముక్క అర్థం కాలేదు. గరగరలాడే గిటారు, పైన ఒకాయన పాత కోపమేదో ఉన్నట్టు మాట్లాడుకుంటూ పోతున్నాడు. మూడోసారి, బస్సు దిగి నడుస్తుంటే, లిరిక్స్ చూడకుండానే రెండు లైన్లు తగిలాయి, అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడిపోయా, వెనకాలొచ్చే ఆంటీ కన్నడలో తిట్టింది.

ఎవరీ బిల్లీ వుడ్స్ అని ఫోటోలు వెతికితే మొహం మసక. నెట్ స్లో అనుకుని నాలుగుసార్లు రీఫ్రెష్ కొట్టా. తర్వాత తెలిసింది, ఆయన మొహం చూపించడంట, ఫోటోల్లో కావాలనే మసక చేయిస్తాడంట. బతికున్నన్నాళ్లూ మాస్క్‌తోనే కనపడిన డూమ్ పేజీలో మొదలుపెట్టి ఇక్కడ తేలా అన్నమాట.

అప్పట్నుంచి కెటిలాయన్ని ఫాలో అయిపోయా. ఆయన ఏం కొన్నా నా ఫీడ్‌లో కనపడుద్ది, కనపడితే నేనూ కొనేయడమే, అదీ వీలైతే బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజు, ఎందుకంటే ఆరోజు వాళ్లు కమీషన్ తీసుకోరు. ఏడాది తిరిగేసరికి మా రూమ్మేట్, కర్నూలోడు, నా లిస్టూ ఆయన లిస్టూ పక్కపక్కన పెట్టి చూసి "ఒరే, నీదంటూ ఒక్కటన్నా ఉందా దీంట్లో?" అన్నాడు. కోపమొచ్చింది గానీ లెక్కేస్తే నిజంగానే నాలుగు కూడా లేవు. పైగా రాపర్ హనుమాన్‌కైండ్ ఈ ఊళ్లోనే ఉంటాడు, నేను విన్నది మాత్రం 2024లో ఆయన బిగ్ డాగ్స్ పాట ఊరంతా మోగాక. మన పక్క వీధి సంగతి కెటిలాయనకి ఏం తెలుసు. ఇక్కడి కన్నడ రాప్ అయితే ఆఫీసు కింద టీ తాగుతూ మైసూరు ఫ్రెండ్ చెప్తేనే నా చెవినపడింది, అవన్నీ యూట్యూబ్ లింకులే.

సో, పైన "ఇంతకన్నా మంచి దారి" అన్నానే, దాన్ని కాస్త తగ్గించుకోండి. నాకు పెళ్లి కాలేదు, రోజుకి రెండు గంటలు బస్సులో చేతులు ఖాళీ, నెలకి ఒకటో రెండో ఆల్బమ్స్ కొనడానికి వెయ్యీ పన్నెండొందలు పెట్టినా అడిగేవాళ్లు లేరు. పిల్లలున్నోళ్లకి ఆటోప్లే చాలేమో.

పోయిన నెల నాకూ ఒక ఫాలోవర్ వచ్చాడు. అప్పట్నుంచి ఏదైనా కొనబోతుంటే వాడేమనుకుంటాడో అని ఆలోచన. ఇప్పటికే రెండు వాడికి చూపించడానికే కొన్నా, ఇంకా వినలేదు.