మహానటి మళ్లీ చూశా, పక్కన భానుమతి గారి పుస్తకం పెట్టుకుని

పోయిన ఆదివారం అమ్మతో కూర్చుని నటి సావిత్రి జీవితకథతో తీసిన 'మహానటి' మూడోసారి చూశాను. అదే వారంలో ఆ కాలం నటి భానుమతి గారి ఆత్మకథ 'నాలో నేను' చదవడం అయిపోయింది, అందుకే రెండిటి గురించీ కలిపి రాసేస్తున్నా.

ముందు సినిమా. 2018లో థియేటర్లో చూసినప్పుడు ఏడ్చేసి బయటికొచ్చానే తప్ప ఇంకేం ఆలోచించలేదు. ఇప్పుడు చూస్తుంటే సావిత్రిగా చేసిన కీర్తి సురేష్ నెత్తిన ఎంత బరువు పెట్టారో తెలిసింది. 'అహ నా పెళ్లియంట' దగ్గర చూడండి. 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు, అంటే సావిత్రి అప్పట్లోనే ఒంట్లోకి ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు దూరినట్టు నడవాలి, అంతలోనే పెళ్లికూతురిలా సిగ్గుపడాలి. 1957లో ఆవిడ చేసినదాన్ని ఈ అమ్మాయి మళ్లీ చెయ్యాలి. ముగ్గురు ఒకే ఒంట్లో ఉన్నట్టు లెక్క! అమ్మ అక్కడ పాజ్ చేయించి, "ఆ భుజం ఎగరెయ్యడం చూడరా, అచ్చం ఆవిడే" అంది. ఒక్క కంట్లోంచి రెండే చుక్కలు రాల్చే సీన్ గురించి అందరూ రాసేశారు, నేను వదిలేస్తున్నా.

నచ్చనిది ఏంటంటే, విజయ్ దేవరకొండ, సమంతల ప్రేమ ట్రాక్. విలేకరి కళ్లతో కథ చెప్పించడం మంచి ఆలోచనే గానీ మధ్యలో వాళ్ల గొడవ నాకెందుకు అనిపించింది. ఆ టైమేదో 1968 నాటి 'చిన్నారి పాపలు'కి ఇచ్చుంటే బాగుండేది. సావిత్రి డైరెక్షన్, పి. లీల సంగీతం, మిగతా శాఖల్లోనూ ఎక్కువగా ఆడవాళ్లే, ఆ రోజుల్లో! దానికి తీరిగ్గా ఒక అరగంట ఇవ్వొచ్చు కదా.

ఇక పుస్తకం. జాతీయ అవార్డు వచ్చిన పుస్తకమే, అయినా ఆన్‌లైన్‌లో ఒక షాపువాళ్లు పంపిన కాపీలో నాలుగైదు పేజీల్లో అక్షరాలు అలుక్కుపోయాయి, భూతద్దం పెట్టుకుని చదివాను. అయినా ఆపలేకపోయా. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ ఎవరికీ జడవకుండా చెప్పినట్టు ఉంటుంది, 'అత్తగారి కథలు' రాసిన చెయ్యి కదా మరి. దొడ్డవరంలో నాన్న దగ్గర సంగీతం, 1939లో తొలి సినిమా 'వరవిక్రయం', నాన్నకి ఇష్టం లేకపోయినా రామకృష్ణారావు గారితో పెళ్లి, వాళ్ల సొంత సినిమా సంస్థ భరణీ, 'చండీరాణి'ని 1953లో మూడు భాషల్లో తనే డైరెక్ట్ చెయ్యడం... మనిషి ఎక్కడా తగ్గదు. తన గొప్ప తనే చెప్పుకోవడానికి మొహమాటం కూడా లేదు, కొందరికి అది ఎక్కువే అనిపిస్తుంది. నాకైతే ఆ పొగరే నచ్చింది.

తమాషా ఏంటంటే 'మిస్సమ్మ' మొదట భానుమతితోనే మొదలైంది. నిర్మాత చక్రపాణి గారితో పేచీ వచ్చి ఆవిడ తప్పుకుంటే ఆ వేషం సావిత్రికి వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరి కథ వేరేవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటూ చెప్పారు, ఇంకొకరు మాత్రం తన కథ తనే నవ్వుతూ, కసురుతూ రాసుకున్నారు. సినిమా చూశాక సావిత్రి మీద జాలి మిగిలింది గానీ, ఆవిడ ఇంట్లో ఎలా మాట్లాడేదో, దేనికి కోప్పడేదో నాకింకా తెలీదు. భానుమతి గారి కోపం మాత్రం ఇప్పుడు మా ఇంట్లో మనిషి కోపంలా తెలుసు.

ఒకటే ఎంచుకోమంటే పుస్తకమే కొనండి, కాకపోతే ముద్రణ చూసి కొనండి. నా కాపీ అమ్మ లాక్కుంది, భూతద్దంతో సహా. ఇంకా భానుమతి గారి సినిమా 'మల్లీశ్వరి' కబుర్ల దగ్గరే ఉంది, మధ్యమధ్యలో పాట అందుకుంటోంది.